చెక్కపెట్టెకు స్ప్రే కొడితే తప్పా?

చెక్కపెట్టెకి స్ప్రే లాకర్ అనగానే కొందరు ముఖం చిట్లిస్తారు. (బ్యాంకు లాకర్ కాదు లెండి, మెరుపు పూత.) ఏటికొప్పాక కుంకుమభరిణె ముందు అదీ ఒక పూతేనా అంటారు. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క అదిమితే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. నిజమే, దాని అందం వేరు. కానీ అలా తిరిగేది గుండ్రటి వస్తువే కదా! చేత్తో చేసుకున్న నలుచదరపు నగలపెట్టెకి స్ప్రే చక్కగా సరిపోతుందని నేనంటాను. బ్రష్ చారలుండవు, త్వరగా ఆరుతుంది.

నా అభ్యంతరమల్లా చోటు గురించే. ఆర్డర్లు తీసుకుని ఇంట్లోనే చేసేవాళ్ళు వంటింటి బాల్కనీలో, పక్కన తులసికోట దగ్గర దీపం వెలుగుతుండగానే కొట్టేస్తున్నారు. అందులోని థిన్నర్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. పీలిస్తే తల తిరుగుతుంది, పక్కనే పిల్లలుంటారాయె. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు, ఫిల్టరున్నది కొనుక్కోండి. మేడ మీదికెళ్ళి, జానెడు దూరం నుంచి పల్చగా రెండు మూడు పూతలు వెయ్యండి, మధ్యలో సన్నరకం శాండ్ పేపర్ పట్టండి. ముసురు రోజున మాత్రం వద్దు, పూత పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. ఆర్డరిచ్చినావిడ నాలుగు రోజులు ఆగుతుంది లెండి.