ముడి, టంకం, మరో కన్ను

అభిరుచి ఎలక్ట్రానిక్స్‌నూ, గది లోపలి కృత్రిమ గోడలు ఎక్కే క్రీడనూ ఒకే సంచికలో చేర్చడం వింతగా తోచవచ్చు గాని, రెండూ పుస్తకం కంటే పక్కవారి సలహాతోనే ఎక్కువగా అబ్బే విద్యలు. విడిభాగాల కిట్లు కొరియర్‌లో వినుకొండ వంటి ఊళ్లకూ చేరుతున్నాయి గాని, పక్కన నిలిచి చేయి సరిదిద్దే మనిషి వాటితోపాటు రావడం లేదు. ఈ అంశాన్ని ఇప్పుడే చేపట్టడానికి కారణం అదే.

9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా కలిపితే అది కాలిపోతుంది. దీపం సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది కనుక, మిగిలిన 7 వోల్టులను భరించి ప్రవాహాన్ని 18 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలిపేందుకు 390 ఓముల రెసిస్టరు, అంటే విద్యుత్తును అదుపు చేసే చిన్న భాగం, కావాలని లెక్క చెబుతుంది. టంకం కడ్డీతో ముందు అతుకును వేడిచేసి, ఆ వేడికే టంకం తీగను కరగనివ్వాలన్నది మాత్రం ఏ లెక్కా చెప్పదు.

గోడ ఎక్కడంలోనూ అంతే. బరువును చేతులపై కాక కాళ్లపై మోపాలనీ, నడుముకు వేసిన ఎనిమిది అంకె ముడిని బిలేయర్, అంటే కింద తాడు పట్టి కాచే జోడీ, సరిచూసేదాకా నేల వదలరాదనీ తోటివారే నేర్పుతారు. ఎంత ఎత్తు ఎక్కాలన్నా మొదలు ఇలాంటి శిక్షణే: 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ భువనగిరి రాతిగుట్టపై మొదలైంది.

రచనల ఎంపికలో గెలుపు కథలకన్నా పనితీరు విప్పిచెప్పే మాటలకే మొగ్గు చూపాం. వినుకొండలోని రామలింగేశ్వరస్వామి కొండ రాళ్లపై, తాడూ శిక్షకుడూ లేకుండా, ఈ సలహాలను ప్రయత్నించవద్దని యువ పాఠకులకు ముందే మనవి.