తాకకుండానే దొంగతనం: కార్డుకు మీట ఉంది, మరి కారు తాళానికి?

దుర్గ్: భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఈ పట్టణంలోనే స్థిరపడ్డాయి. నేడు ఆ ఇళ్లలో తాకిస్తే చాలు చెల్లింపు జరిగే బ్యాంకు కార్డులున్నాయి, మీట నొక్కితే కదిలే కార్లూ ఉన్నాయి. వాటి వెంట ఒక భయమూ వచ్చింది. రద్దీలో పక్కన నిలబడితే చాలు, జేబులోని కార్డు నుంచి సొమ్ము లాగేస్తారన్నది ఆ భయం. కార్డు విషయంలో ఇది చాలావరకు అతిశయోక్తి. కారు విషయంలో మాత్రం నిజం.

కాంటాక్ట్‌లెస్ కార్డు 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలపై, సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. ప్రతి చెల్లింపుకూ దానికే ప్రత్యేకమైన రహస్య సంకేతాన్ని చిప్ పుట్టిస్తుంది. ఒకసారి చిక్కిన సంకేతం మరోసారి చెల్లదు. స్వైపింగ్ యంత్రంతోనే దొంగ వచ్చినా, ఆ యంత్రం ఎవరిదో బ్యాంకు వద్ద నమోదై ఉంటుంది, సొమ్ము చేరే ఖాతా కూడా తెలుస్తుంది. ఆనవాలు వదిలిపెట్టే ఇలాంటి మార్గాన్ని తెలివైన దొంగ ఎంచుకోడు. 2022 జూన్‌లో కారు అద్దం తుడిచే బాలుడు చేతి గడియారంతో ఫాస్టాగ్ సొమ్ము కాజేస్తున్నాడంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. నమోదైన వ్యాపారులకు తప్ప ఫాస్టాగ్ నుంచి సొమ్ము వెళ్లదని జాతీయ చెల్లింపుల సంస్థ అప్పుడే స్పష్టం చేసింది. అయినా ఆ వీడియో నేటికీ అక్కడక్కడా తిరుగుతూనే ఉంది.

కార్డుకు అసలు ముప్పు అది పోయినప్పుడే. పిన్ లేకుండా చెల్లించగల పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2021 జనవరి 1 నుంచి రూ.2,000 నుంచి రూ.5,000కు పెంచింది. దొరికిన కార్డును దుకాణం వెంట దుకాణంలో తాకిస్తూ పోయేవాడికి గాలిలో తరంగాలను పట్టే శ్రమే అక్కర్లేదు. దీనికి విరుగుడు కూడా రిజర్వ్ బ్యాంకే చూపింది. 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం కాంటాక్ట్‌లెస్ సదుపాయాన్ని ఎప్పుడైనా ఆపే, తిరిగి తెరిచే, పరిమితి తగ్గించే వీలును బ్యాంకులు ఖాతాదారుకు కల్పించాలి. బ్యాంకు యాప్‌లో ఆ మీట ఉంటుంది. దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసినవారు ఎందరన్నది వేరే ప్రశ్న. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు లేకుండా మూడో వ్యక్తి వల్ల సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారిపై భారం పడకూడదని 2017 జులై 6 నాటి మరో ఆదేశం నిర్దేశించింది. ఇక్కడ గంటలు కూడా విలువైనవే. బ్యాంకుకు, సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

భిలాయ్ పేరు జాతీయ వార్తల్లో మార్మోగిన మహాదేవ్ బెట్టింగ్ యాప్ కేసులోనూ ఈడీ ఆరోపణ రేడియో తరంగాల గురించి కాదు. ఇతరుల పేర్లతో నడిచిన బ్యాంకు ఖాతాల ద్వారా సొమ్ము మళ్లించారన్నదే ఆ ఆరోపణ. కార్డు జేబులో భద్రంగా ఉంచుకుని, ఖాతాను పరిచయస్తుడికి అప్పగించినవారికి ఏ రేకు కవరూ రక్షణ కాదు.

కారు కథ వేరు. తాళం దగ్గర్లో ఉందా అని కారు తక్కువ పౌనఃపున్యంతో పిలుస్తుంది, తాళం బదులిస్తుంది. ఆ పిలుపు సాధారణంగా ఒకటి రెండు మీటర్లే వినబడాలి. ఒకడు కారు పక్కన, మరొకడు ఇంటి గోడ దగ్గర యాంటెన్నాలతో నిలబడి పిలుపును లోపలికి, బదులును బయటికి మోస్తే, తాళం చెంతనే ఉందని కారు భ్రమపడుతుంది. ఇందులో ఏ సంకేతాన్నీ ఛేదించనక్కర్లేదు. జ్యూరిచ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లోనే 8 సంస్థలకు చెందిన 10 కార్లపై ఈ దాడిని నిరూపించారు. ఒకసారి ఇంజిన్ నడిచాక, తాళం దూరమైనా భద్రత దృష్ట్యా అది ఆగిపోదు. ఇలాంటి పరికరాలను కలిగి ఉండటాన్నే నేరంగా పరిగణించే బిల్లును బ్రిటన్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో పార్లమెంటులో ప్రవేశపెట్టింది.

మన దేశంలో మరో పద్ధతి కూడా ఉంది. అద్దం పగలగొట్టి లోపలికి దూరి, డ్యాష్‌బోర్డు కింది డయాగ్నస్టిక్ పోర్టుకు పరికరం తగిలించి కొత్త తాళాన్ని నమోదు చేసే ముఠాలు ఢిల్లీలో పోలీసులకు చిక్కాయి. దీని ముందు తాళాన్ని దాచే సంచి పనికిరాదు. స్టీరింగ్‌కు వేసే ఇనుప తాళం మాత్రం రెండు పద్ధతులకూ ఆటంకమే. తరంగాలను అడ్డుకునే సంచి కొన్నవారు తాళాన్ని అందులో ఉంచి కారు దగ్గరికి వెళ్లి చూడాలి. తలుపు తెరుచుకుంటే ఆ సంచి వృథా. ఉక్కు పట్టణంలో ఉక్కు డబ్బాలకు కొదవ లేదు కానీ, మూత బిగుసుకోని డబ్బాకూ ఇదే పరీక్ష తప్పదు.

కదలిక లేనప్పుడు నిద్రపోయే తాళాలు, సంకేతం ప్రయాణించిన కాలాన్ని బట్టి అసలు దూరాన్ని కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు ఇప్పటికే కొన్ని కార్లలో ఉన్నాయి. కార్డును ఆపే మీట నియంత్రణ సంస్థ ఆదేశంతో వచ్చింది. తాళాన్ని నిద్రపుచ్చే వీలు తయారీదారు ఇస్తేనే ఉంటుంది. కొనేటప్పుడు ఆ మాట అడగాల్సింది కొనుగోలుదారే. కారు పోయి బీమా కోరినప్పుడు కంపెనీ సాధారణంగా ముందు అడిగేది రెండు అసలు తాళాలనే. తాళం ఇంట్లో ఉండగానే కారు పోయిన యజమానికి ఆ రెండో తాళమే సాక్ష్యం.