ఊరి నీటి పద్దు ఊరే రాయాలి

రైతులకు, సర్పంచులకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి.

పాల కేంద్రంలో ప్రతి లీటరుకూ లెక్క చూసుకుంటాం. ఊరందరినీ బతికించే భూగర్భ జలానికి మాత్రం పద్దు లేదు. మోటారు పోసినన్నాళ్లు తోడుతాం. బోరు ఎండితే అప్పు చేసి ఇంకోటి వేస్తాం. బోరు ఎవరిదైనా కావచ్చు, కింది నీరు పొలం గట్టు దగ్గర ఆగదు.

ప్రపంచంలో ఏ దేశమూ తోడనంత భూగర్భ జలాన్ని మన దేశం తోడుతోంది. 1987, 2002, 2012లలో జాతీయ జల విధానాలు వచ్చాయి. 2019 డిసెంబరులో 6,000 కోట్ల రూపాయల అటల్ భూజల్ యోజన మొదలైంది. పంచాయతీయే నీటి బడ్జెట్ వేసుకోవాలన్నది దాని సారం. అందుకు ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

కానీ ఆ విద్య మనకు కొత్త కాదు. 2000ల దశకంలోనే అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా పల్లెల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని బేరీజు వేశారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ శాసించలేదు. లెక్క కళ్లెదుట కనబడ్డాక చాలామంది తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాం.

బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఒక వర్షమాపకం పెట్టించండి. ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఎకరాకు సుమారు 4,000 లీటర్లు వచ్చినట్టేనని పిల్లలకు చెప్పండి.

వాడకంలో లేని ఒక బోరును ఎంచుకుని, నెలకోసారి నీటిమట్టం కొలిచి, అందరూ చూసే గోడ మీద రాయండి.

రబీ విత్తనాలు కొనకముందే, అక్టోబరు 2 గ్రామసభలో ఆ పద్దు చదివించండి. పూడిక తీయాల్సిన చెరువును, పూడుకుపోయిన వాగు కాలువను పంచాయతీ ప్రణాళికలో చేర్పించండి.

ఓటడగడానికి వచ్చినవారిని ఒక మాట అడగండి: ప్రతి రాష్ట్రంలో, ప్రతి పంచాయతీలో నీటి బడ్జెట్ జాతీయ ప్రణాళికలో భాగం ఎప్పుడవుతుంది?

ఢిల్లీలో ఎంత గొప్ప ప్రణాళిక రాసినా, మన బోరులో నీళ్లు ఎన్ని అడుగుల కిందున్నాయో మనం కొలిచి చెబితేనే దానికి తెలుస్తుంది. ఈ తొలకరికి మొదటి అంకె గోడకెక్కించండి.