మూతి సర్దుకుంటే రోగం పోయినట్టేనా?

మన గూడెంలో ఒక పెద్దాయనకు మూతి వంకరపోతుంది, చెయ్యి పడిపోతుంది. గంటలో మళ్ళీ సర్దుకుంటుంది. ‘గాలి సోకింది, పోయింది’ అనుకుంటాం. డాక్టర్లు దాన్ని చిన్న స్ట్రోక్ అంటారు. ఆ ‘చిన్న’ అనే మాటను నమ్మొద్దు. తర్వాతి రెండు మూడు రోజుల్లోనే పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఈ మాటెత్తగానే మైదానం వాళ్ళు ‘గిరిజనుల మూఢనమ్మకం’ అని మన మీదకి నెట్టేస్తారు. దూరం మాటేమిటి? పక్షవాతం తగ్గకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. మెదడులో రక్తస్రావమైతే అదే మందు ప్రాణం తీస్తుంది కాబట్టి ముందు సీటీ స్కాన్ తియ్యాలి. మారేడుమిల్లి నుంచి రాజమండ్రి 80 కిలోమీటర్ల పైమాటే. గూడెం నుంచి రోడ్డు దాకా డోలీ మోసే సమయం దీనికి అదనం. ఇందులో మూఢనమ్మకం ఎక్కడుంది?

ప్రాణంతో తిరిగొచ్చాక ఇంకో అన్యాయం. చీటీ మీద ‘ఫిజియోథెరపీ’ అని రాసిస్తారు. ఎవరు చేయిస్తారు? కాలూ చెయ్యీ ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నెలల్లో. ఆ నెలలు మనవాళ్ళకు మంచంలోనే గడిచిపోతాయి. బీపీ మాత్రలు అయిపోతే వైద్యమూ ఆగిపోతుంది. కోయ మాత్రమే వచ్చిన అవ్వను తెలుగులో ప్రశ్నలడిగితే, ఆమెకు మాట పోయిందో భాష అర్థం కాలేదో ఎలా తెలుస్తుంది?

2023లో రాజమండ్రిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సంతోషమే. అక్కడి చదువు కొండెక్కాలి. రంపచోడవరం, చింతూరు ఐటీడీఏలను మనం అడగాల్సినవి ఇవి: ప్రతి పీహెచ్‌సీకి వారానికోసారి ఫిజియోథెరపిస్టు, నెలనెలా ఇంటికే బీపీ మాత్రలు, రోగి పక్కన కోయ తెలిసిన మనిషి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అడుగుతూనే మన పని మనం చేద్దాం. నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఒక మాట చెప్పమనండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎప్పుడు మొదలైందో టైము రాసుకుని 108కి ఫోన్ చెయ్యండి. మింగడం దెబ్బతిని ఉండొచ్చు, కాబట్టి నీళ్ళు గానీ పసరు గానీ నోట్లో పొయ్యొద్దు. సర్దుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. మాస్టార్లూ, ఆశ్రమ పాఠశాలలో ఇది ఒక్క పీరియడు చెప్పండి. సెలవులకి ఇంటికెళ్ళిన పిల్లే తాత మూతి వంకరను ముందు చూస్తుంది.