నెట్‌వర్క్ గడి దగ్గర పొరపాటు ఎవరిది?

క్రిప్టో ఎక్స్ఛేంజీ ఖాతా నుంచి డబ్బు బయటికి పంపబోతే తెర మీద మూడు గళ్లు కనిపిస్తాయి. ఎంత పంపాలి, ఏ చిరునామాకు, ఏ నెట్‌వర్క్ మీద? మొదటి రెండూ బ్యాంకు లావాదేవీలు చేసేవాళ్లకు అలవాటే. మూడో గడిని చాలామంది ఫీజు చూసి నింపుతారు. యూఎస్‌డీటీ అనే డాలర్ నాణేన్ని పంపడానికి ఇథీరియం మీద ఎంత, ట్రాన్ మీద ఎంత, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ మీద ఎంత అని పక్కనే రాసి ఉంటుంది మరి. తక్కువదాన్ని నొక్కడం ఎవరికైనా సహజం. డబ్బు దారి తప్పితే మాత్రం ‘నెట్‌వర్క్ ఎంచుకున్నది మీరే కదా’ అంటారు. దారిని నిర్ణయించే గడిని ధరల పట్టికలా తయారుచేసి, తప్పంతా ఖాతాదారుడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఈ దారుల సంగతి గోదావరి జిల్లాల వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర నీళ్లు వదులుతారు. మూడు కాలువల్లోనూ పారేది గోదావరి నీరే. అయినా ధవళేశ్వరం తలుపుల దగ్గర వదిలిన నీరు పాలకొల్లు చేలకు చేరదు. యూఎస్‌డీటీని జారీ చేసేది టెథర్ సంస్థ ఒక్కటే. కానీ ఇథీరియం మీద ఉన్నది ఒక ఖాతా పుస్తకంలోని పద్దు, ట్రాన్ మీద ఉన్నది మరో పుస్తకంలోని పద్దు. ఒక పుస్తకంలో రాసింది రెండోదాంట్లో దానంతటది తేలదు.

అసలు చిక్కు చిరునామాలు ఒకేలా ఉన్నచోట వస్తుంది. ట్రాన్ చిరునామా ‘టీ’ అక్షరంతో మొదలవుతుంది. దాన్ని పెట్టి ఇథీరియం ఎంచుకుంటే యాప్ అక్కడే ఆపేస్తుంది. ఇథీరియం, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్, పాలిగాన్, ఆర్బిట్రమ్‌ల చిరునామాలు మాత్రం అన్నీ సున్నా, ఎక్స్‌తోనే మొదలవుతాయి, అన్నిటి రూపమూ ఒకటే. వాటిలో ఏది నొక్కినా యాప్ కిక్కురుమనదు. డబ్బు వెళుతుంది, లావాదేవీ విజయవంతమైందని కూడా చూపిస్తుంది. నెట్‌వర్క్ వరకు అది నిజమే. అవతలి ఎక్స్ఛేంజీ ఆ నెట్‌వర్క్ మీద జమలు తీసుకోకపోతే మాత్రం ఖాతాలో పైసా కనిపించదు.

అలా వెళ్లిన డబ్బు పోయినట్టేనా? ఆ చిరునామా తాళంచెవి (ప్రైవేట్ కీ) ఎవరి దగ్గరుందో చూడాలి. చిరునామా మన సొంత వాలెట్‌దైతే కంగారు పడక్కర్లేదు. వాలెట్‌లో ఆ నెట్‌వర్క్‌ను జోడిస్తే డబ్బు కనిపిస్తుంది. ఏ నెట్‌వర్క్ మీది డబ్బునైనా కదిలించడానికి ఆ నెట్‌వర్క్ సొంత నాణెం కాస్త ఉండాలి. ట్రాన్ అయితే టీఆర్‌ఎక్స్, బీఎన్‌బీ చెయిన్ అయితే బీఎన్‌బీ, పాలిగాన్ అయితే పోల్. చేతిలో వెయ్యి యూఎస్‌డీటీ ఉండి, ఫీజుకు చిటికెడు టీఆర్‌ఎక్స్ లేక చిక్కుకుపోయేవాళ్లూ ఉన్నారు. చిరునామా ఎక్స్ఛేంజీదైతే తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది, డబ్బు తీసి ఇస్తారా లేదా అన్నది వాళ్ల దయ. ఇక ఆ చిరునామా ఒక స్మార్ట్ కాంట్రాక్టుదైతే (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్‌దైతే), అవతలి నెట్‌వర్క్ మీద దానికి యజమానే లేకపోవచ్చు.

ఈ మూడోది ఆరితేరిన సంస్థలకే జరిగింది. 2022లో ఆప్టిమిజం ఫౌండేషన్ తన 2 కోట్ల ఓపీ టోకెన్లను వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థకు పంపింది. ఆ సంస్థ ఇచ్చింది ఇథీరియం మీది తన స్మార్ట్ కాంట్రాక్టు వాలెట్ చిరునామా. ఆప్టిమిజం నెట్‌వర్క్ మీద ఆ వాలెట్‌ను అప్పటికింకా ఏర్పాటు చేసుకోలేదు. సంగతి బయటపడి సరిదిద్దుకునేలోపే మరెవరో అదే చిరునామా మీద తమ కాంట్రాక్టు నిలబెట్టి టోకెన్లను చేజిక్కించుకున్నారు. తర్వాత కోటీ 70 లక్షలు తిరిగొచ్చాయి. ఇందులో నన్ను ఆపిన వివరం మరొకటి: మొత్తం పంపేముందు రెండుసార్లు పరీక్షగా చిన్న మొత్తాలు పంపారు, అందాయని వింటర్‌మ్యూట్ ధ్రువీకరించింది కూడా.

‘ముందు కొద్దిగా పంపి చూసుకోండి’ అని అందరూ చెప్పే సలహా మంచిదే, సగమే. చిరునామాకు చేరడం వేరు, అక్కడినుంచి వాడుకోగలగడం వేరు. పరీక్ష మొత్తం అవతలి ఎక్స్ఛేంజీ ఖాతాలో నిల్వగా కనిపించాలి. సొంత వాలెట్ అయితే అందులోంచి కొంత వెనక్కి పంపగలగాలి. అప్పుడే పరీక్ష పూర్తయినట్టు. కనీస జమ మొత్తం ఎంతో ముందే చూసుకోవాలి. అంతకన్నా తక్కువ పంపితే చాలా ఎక్స్ఛేంజీలు లెక్కలోకే తీసుకోవు. ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ లాంటివాటిని ఎక్స్ఛేంజీకి పంపేటప్పుడు చిరునామాతోపాటు ట్యాగ్ లేదా మెమో కూడా కావాలి.

నెట్‌వర్క్ మార్చుకోవడానికి అన్నిటికన్నా తేలిక దారి ఎక్స్ఛేంజీ ఖాతాయే. ఖాతాలో కనిపించే నిల్వకు నెట్‌వర్క్ ఉండదు, అది ఎక్స్ఛేంజీ సొంత లెక్క. ట్రాన్ మీద జమ చేసి పాలిగాన్ మీద తీసుకోవచ్చు, రెండిటికీ ఆ ఎక్స్ఛేంజీలో వీలుంటే. నెట్‌వర్కుల మధ్య వంతెనలుగా పనిచేసే బ్రిడ్జిల చరిత్ర చూస్తే సామాన్యుడికి ఇదే మేలు: 2022 ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ నుంచి 30 కోట్ల డాలర్లకు పైగా, మార్చిలో రోనిన్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దొంగల పాలయ్యాయి. అలాగని డబ్బు ఎక్స్ఛేంజీలోనే ఉంచేయమని కాదు. 2024 జూలై 18న మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయాక ఖాతాదారులు నెలల తరబడి తమ నాణేలు తీసుకోలేకపోయారు. మార్చుకునే పని అయ్యేవరకే అక్కడ ఉండాలి.

కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లి, యూఎస్‌డీటీగా ఇంటికి డబ్బు పంపేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. దుబాయ్ 2022లో క్రిప్టోకు ప్రత్యేక నియంత్రణ సంస్థ పెట్టింది. కువైట్ 2023లో క్రిప్టో చెల్లింపులనూ పెట్టుబడులనూ నిషేధించింది. ఏ నెట్‌వర్క్ చవక అన్నది కువైట్‌లో ఉన్నవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న కాదు. ఇక్కడ ఆ యూఎస్‌డీటీని ముక్కూమొహం తెలియనివాళ్లకు అమ్మి బ్యాంకులో రూపాయలు వేయించుకోవడం మరో ప్రమాదం. 2023లో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసంలో బాధితుల సొమ్ము యూఎస్‌డీటీగా మారే దేశం దాటింది. అలాంటి సొమ్ము మన ఖాతాలో పడితే, మన తప్పు లేకపోయినా ఖాతా స్తంభించవచ్చు.

ప్రభుత్వం ఈ రంగాన్ని పట్టించుకోలేదని అనలేం. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి 1 శాతం టీడీఎస్. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకునే వీలు లేదు. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలన్నారు. ఇవన్నీ ఖజానాకు, నిఘాకు పనికొచ్చేవి. ఖాతాదారుడి వైపు నుంచి చూస్తే గడి ఖాళీ. బ్యాంకుల విషయంలో నెఫ్ట్, ఆర్టీజీఎస్ పంపేముందు గ్రహీత పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1లోగా తేవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు వినకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఎక్స్ఛేంజీలు రిజర్వు బ్యాంకు పరిధిలో లేవు గనుక ఆ గడప కూడా మూసే ఉంది. ఆ ఖాళీలోకే టెలిగ్రామ్‌లో ‘కస్టమర్ సపోర్ట్’ పేరుతో దొంగలు దూరుతున్నారు. పోయిన డబ్బు తెచ్చిపెడతామని వాలెట్ రహస్య పదాలు అడుగుతారు. అవి ఇచ్చాక మిగిలేది సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడమే.

బ్లాక్‌చెయిన్ మీద రాసింది చెరపలేం అని ఎక్స్ఛేంజీలు చెప్పే జవాబు సాంకేతికంగా సరైనదే. తాళంచెవి తమ దగ్గరే ఉన్నప్పుడు చెరపాల్సిన పనేముంది? తీసి ఇవ్వడానికి శ్రమ, ఖర్చు ఉంటాయి. అందుకు ఫీజు తీసుకోవచ్చు. ఆ ఫీజెంతో, ఏ నెట్‌వర్కులకు తీసి ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే ప్రకటించాలి. ఇంకో మాట. మనీ లాండరింగ్ నిబంధనల కోసం పంపేటప్పుడే డబ్బు ఎవరికి, ఏ ఎక్స్ఛేంజీకి వెళుతోందో అడిగి రాసుకుంటున్నారు. అవతలి ఎక్స్ఛేంజీ పేరు చేతిలో ఉన్నప్పుడు అది ఏ నెట్‌వర్కుల మీద జమలు తీసుకుంటుందో సరిచూసి, మిగతావాటిని ఆ గడిలోంచి తీసేయడం పెద్ద సాంకేతిక ఘనకార్యమేమీ కాదు. నిఘా కోసం అడిగిన వివరాన్ని ఖాతాదారుడి కోసం కూడా వాడాలని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ నమోదు షరతుల్లో ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.