రెండేళ్ళ దాకా ఉన్న రక్షణ పదమూడేళ్ళ దాకా కావాలి

పిల్లల కార్యక్రమాల్లో వ్యాపార ప్రకటనలు ఆపించాలని తల్లిదండ్రులకు, టీచర్లకు, ప్రజాప్రతినిధులకు విజ్ఞప్తి



మన టీవీలో సబ్బుకు ప్రకటన ఉంది, సిమెంటుకు ఉంది, బంగారానికి ఉంది. పసిబిడ్డకు పట్టే డబ్బాపాలకు మాత్రం లేదు. ఎప్పుడైనా గమనించారా? కంపెనీలు తమంతట తాము మానుకోలేదు. 1992లో పార్లమెంటు చట్టం చేసి మాన్పించింది. 2003లో ఆ చట్టాన్ని సవరించి, రెండేళ్ళలోపు పిల్లలకు పెట్టే డబ్బా ఆహారాలకు కూడా వర్తింపజేసింది. డబ్బా మీద బొద్దుగా నవ్వే పాపాయి బొమ్మ వేయకూడదు, తల్లి బొమ్మ వేయకూడదు. బాలింతలకు శాంపిళ్ళు పంచకూడదు. మీరితే జైలుశిక్ష కూడా ఉంది. తన పాలు చాలవేమోనన్న అనుమానం తల్లి మనసులో పెట్టి డబ్బా అమ్ముకోవడం తప్పని ఈ దేశం ఆనాడే తేల్చుకుంది.

ఇంత గట్టి చట్టం బిడ్డకు రెండేళ్ళు నిండగానే తప్పుకుంటుంది. మర్నాటి నుంచి పొడులు, బిస్కెట్లు, చాక్లెట్లు, చిప్సు, కూల్‌డ్రింకులు నేరుగా ఆ పిల్లతోనే మాట్లాడటం మొదలుపెడతాయి. తల్లితో మాట్లాడటమే తప్పని ఒప్పుకున్న మనం, మూడేళ్ళ పిల్లతో మాట్లాడితే ఊరుకుంటున్నాం. ఆ రక్షణను పదమూడేళ్ళు నిండేదాకా పొడిగించాలి. పిల్లల కార్యక్రమాల మధ్య ఏ సరుకు ప్రకటనా ఉండకూడదు. ఈ కరపత్రం అడుగుతున్నది అదే.

నాలుగైదేళ్ళు వచ్చేదాకా పిల్లలకు కార్యక్రమం ఎక్కడ ఆగిందో, ప్రకటన ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ తేడా తెలిశాక కూడా, ఎదుటివాడు తన సరుకు అమ్ముకోవడానికి ఈ మాటలు చెబుతున్నాడన్న సంగతి ఏడెనిమిదేళ్ళకు గానీ బుర్రకెక్కదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన నిపుణుల బృందం ఈ పరిశోధనలన్నీ చూసి, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు గురిపెట్టే ప్రకటనలను అదుపు చేయాలని 2004లో సిఫారసు చేసింది. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇది కళ్ళకు కనిపించే విషయమే. యాడ్ రాగానే మనం లేచి పొయ్యి మీద ఏముందో చూసుకుంటాం. నాలుగేళ్ళ పిల్ల అప్పుడే టీవీ దగ్గరికి జరుగుతుంది. పాట అందులోనే ఉంది, రంగులు అందులోనే ఉన్నాయి, తన ఈడు పిల్లలు గెంతేది అందులోనే. ఆ పిల్ల చూస్తున్నది ఆటే. అవతలివాడు చేస్తున్నది బేరం. సంతలో పసిపిల్లను ఒంటరిగా వదిలేసి, నీకు కావలసింది నువ్వే బేరమాడి తెచ్చుకో అన్నట్టుంది మన పద్ధతి.

పిల్లల దగ్గర డబ్బుండదు. కొనేది అమ్మో నాన్నో, ఇంకా ఎక్కువగా తాతయ్యో. పిల్ల కోరికకూ పెద్దల జేబుకూ మధ్య ఉన్న దారి పేచీ ఒక్కటే. ఆ పేచీ పెట్టించగలిగితే ప్రకటన పని నెరవేరినట్టే. అందుకే అయిదు రూపాయల ప్యాకెట్లో స్టిక్కరో, చేతికి అంటించుకునే టాటూనో వస్తుంది. ఒకటి దొరికితే చాలదు, మొత్తం సెట్టు కావాలి. ప్రకటనలో చిన్నపిల్లే అమ్మకు నచ్చచెబుతుంది. అమ్మ ముందు కాదంటుంది, తర్వాత మురిసిపోతుంది. మన ఇళ్ళల్లో అలా మురిసిపోని అమ్మ ఆ సాయంత్రానికి చెడ్డదైపోతుంది. ఇక కొట్టు ముందు దండల్లా వేలాడే ప్యాకెట్లు ఎంత ఎత్తున ఉంటాయో ఒకసారి చూడండి. పిల్ల చెయ్యి చాస్తే అందుతాయి.

పిల్లలకు మంచి బొమ్మల కథలు ఉండాలనే మేమూ కోరుకుంటున్నాం. దేశమంతా చూసే ఛోటా భీమ్‌ను తయారుచేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్. 2008 నుంచి పోగో చానెల్లో వస్తోంది. మన ఊళ్ళో పుట్టిన బొమ్మ ఇంతమంది పిల్లలకు నచ్చినందుకు సంతోషమే. కథతో మాకు పేచీ లేదు. ఆ కథ చూడటానికి కూర్చోబెట్టిన పిల్లకు మధ్యమధ్య ఏం అమ్ముతున్నారన్నదే మా ప్రశ్న.

అన్నిటికంటే బాధ కలిగించేవి ఎత్తు పెరుగుతారని చెప్పే ప్రకటనలు. పాలల్లో ఈ పొడి కలిపితే పొడుగవుతారు, బలం వస్తుంది, చదువులో చురుకవుతారు అంటాయి. వెనక బెంచీలో పొట్టిగా ఉన్న పిల్లవాడిని చూపించి మరీ చెబుతాయి. హార్లిక్స్, కాంప్లాన్‌ల అలాంటి ప్రకటనలు బ్రిటన్‌లో ఒక నేపాలీ చానెల్లో వస్తే, అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ 2008లో రెండిటినీ తప్పుపట్టింది. చెప్పినదానికి తగిన రుజువు చూపలేదంది. మన దగ్గర మాత్రం ఆ తరహా మాటలు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వినిపించాయి.

పొట్టితనం మన దేశంలో నవ్వులాటకు వచ్చిన విషయమా? కేంద్ర ఆరోగ్య శాఖ, యూనిసెఫ్ కలిసి 2016-18లో జరిపిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 35 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిండి చాలక, రక్తం లేక, తాగే నీళ్ళు బాగోక, మాటిమాటికీ విరేచనాలై ఆ పిల్లలు ఎదగలేదు. అలాంటి బిడ్డ తల్లి, కూలి డబ్బుల్లోంచి తీసి, గుడ్డు మానేసి, పప్పు తగ్గించి, చక్కెర కలిసిన పొడి కొంటోంది. అదే సర్వేలో అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో పదిమందిలో ఒకరికి చక్కెర జబ్బు ముందస్తు దశ కనిపించింది. ఇదంతా ప్రకటనల వల్లే వచ్చిందని మేము అనడం లేదు. ఎదగని పిల్లలూ, చక్కెర ఎక్కువైన పిల్లలూ ఉన్న దేశంలో ఇద్దరికీ ఒకే తీపి పొడి మందన్నట్టు అమ్మడం మాత్రం అన్యాయం అంటున్నాం.

2023లో ఒక యువకుడు బోర్న్‌విటాలో చక్కెర ఎంతుందో వీడియో పెడితే దేశమంతా చర్చ జరిగింది. బాలల హక్కుల కమిషన్ కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఆ ఏడాది చివరికి కంపెనీయే చక్కెరను దాదాపు 14 శాతం తగ్గించింది. ‘హెల్త్ డ్రింక్’ అన్న మాటకు మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదనీ, ఆ పేరు కింద ఇలాంటి పొడులను అమ్మొద్దనీ 2024 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. దశాబ్దాలుగా తల్లులు నమ్మి పాలల్లో కలిపింది ఆ మాటనే. ఒక్క వీడియోకే ఇంత కదలిక వచ్చిందంటే, మనమంతా అడిగితే ఎంత రాదు?

ప్రభుత్వాలు చేస్తున్న మంచి పని కూడా చెప్పాలి. అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023లో రాగిజావ మొదలుపెట్టారు. వీటికి పాట లేదు, హీరో లేడు, ఫ్రీ స్టిక్కర్ లేదు. పొద్దున బడిలో రాగిజావ తాగిన పిల్లకు సాయంత్రం టీవీ అది పేదవాళ్ళ తిండి అనిపించేలా చేస్తే, ఖజానా డబ్బు పెట్టి చేసిన పని సగం నీళ్ళపాలే.

నియమాలు అసలు లేకపోలేదు. కేబుల్ టీవీ నియమాలు పిల్లల్లో అనారోగ్యకరమైన అలవాట్ల మీద ఆసక్తి పుట్టించే ప్రకటన వేయకూడదంటున్నాయి. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు కూడదని కూడా ఉంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకాస్త ముందుకు వెళ్ళింది. చిప్సు, గ్యాస్ కూల్‌డ్రింకుల వంటి జంక్ ఫుడ్ ప్రకటనలను పిల్లల కార్యక్రమాల్లో, పిల్లల చానెళ్ళలో వేయొద్దంది. కొనమని, అమ్మానాన్నలను ఒప్పించమని పిల్లలను నేరుగా పురమాయించొద్దంది. మంచి మాటలు. చిల్లు ఎక్కడుందంటే, జంక్ ఫుడ్ అంటే ఎంత చక్కెర, ఎంత ఉప్పు, ఎంత కొవ్వు అన్న లెక్క అందులో లేదు. చాక్లెట్ పూసిన బిస్కెట్, మాల్ట్ పొడి, తీపి సీరియల్ ఏ వైపుకు వస్తాయో ఎవరికి వారే చెప్పుకోవచ్చు. రెండో చిల్లు ఇంకా పెద్దది. మన పిల్లలు చూసేది పిల్లల చానెళ్ళే కాదు. నాయనమ్మ ఒళ్ళో కూర్చుని సీరియల్ చూస్తారు, నాన్న పక్కన క్రికెట్ చూస్తారు, ఆదివారం అందరితో కలిసి సినిమా చూస్తారు. ఆ వేళల్లో ఈ నియమం పని చెయ్యదు.

ఫోన్ సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారికి గురిపెట్టిన ప్రకటనలు కూడదని చెబుతోంది. అమలు ఎంత గట్టిగా జరుగుతుందో మనం కాపు కాయాలి. ఫోన్లో తప్పన్నది గోడకున్న టీవీలో ఒప్పెలా అవుతుందన్నది మా వాదన.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో పదమూడేళ్ళలోపు పిల్లలకు గురిపెట్టిన వ్యాపార ప్రకటనలపై 1980 నుంచి నిషేధం అమల్లో ఉంది. ఒక బొమ్మల కంపెనీ కోర్టుకెక్కితే, పిల్లల తెలియనితనాన్ని వాడుకోకుండా కాపాడటం సరైనదేనని 1989లో కెనడా సుప్రీంకోర్టు నిషేధాన్ని నిలబెట్టింది. స్వీడన్ టీవీలో పన్నెండేళ్ళలోపు పిల్లలకు ప్రకటనలు కూడదన్న నియమం 1990ల నుంచి ఉంది. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి గుర్తు వేయించింది, వాటి మీదున్న కార్టూన్ బొమ్మలు తీయించింది. తర్వాత పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా టీవీలో వాటి ప్రకటనలే ఆపింది. బ్రిటన్‌లో అలాంటి తిండి ప్రకటనలు రాత్రి తొమ్మిదికి ముందు టీవీలో రాకూడదన్న నియమం 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది.

టీవీ కట్టేస్తే పోదా, చట్టాలెందుకు అని కొందరు అంటారు. నాలుగిళ్ళలో పాచిపని చేసి వచ్చి వంటకు కూర్చున్న అమ్మను ఆ మాట అడగండి. అద్దె గదిలో, ఆడుకోను జాగా లేని వీధిలో, ఆ గంటసేపు పిల్లను ఒకచోట కూర్చోబెట్టేది టీవీ ఒక్కటే. ఒకవైపు పిల్లల మనసును చదివిన నిపుణులు, కోట్ల రూపాయల బడ్జెట్లు, సినిమా తారలు. ఇంకోవైపు అలిసిపోయిన ఒక్క మనిషి. ఇంట్లో చెయ్యగలిగింది చేద్దాం. అన్నం తినేటప్పుడు టీవీ వద్దు, యాడ్ వస్తే మ్యూట్ చేద్దాం, అది ఎందుకు చూపిస్తున్నారో పిల్లతో మాట్లాడదాం. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట కూడా గుర్తుంచుకుందాం. అంత మాత్రాన కంపెనీల బాధ్యత మన నెత్తికెత్తుకోనక్కర్లేదు.

ప్రకటనలు లేకపోతే పిల్లల కార్యక్రమాలు ఎవరు తీస్తారన్నది రెండో అభ్యంతరం. దూరదర్శన్ ఉన్నది ఎందుకు? యాదగిరి, సప్తగిరి చానెళ్ళు మన పన్నుల డబ్బుతో నడుస్తున్నవే. రోజూ సాయంత్రం అరగంట, మన భాషలో, మన కథలతో, ఒక్క ప్రకటన కూడా లేకుండా పిల్లల కార్యక్రమం వేయమని అడుగుదాం.

సినిమా హీరోలకు, ఆటగాళ్ళకు ఒక మాట. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన పుల్లెల గోపీచంద్‌ను కూల్‌డ్రింక్ ప్రకటనకు అడిగితే, తాను తాగని దాన్ని పిల్లలకు తాగమని చెప్పలేనన్నాడు. అప్పటికి ఆయన ఏమంత డబ్బున్నవాడు కాదు. మిమ్మల్ని చూసి జుట్టు కత్తిరించుకునే పిల్లలున్నారు. మీరు మీ పిల్లలకు రోజూ పోయని దాన్ని వాళ్ళ చేత తాగించకండి.

మేము అడుగుతున్నవి ఇవి. కేబుల్ టీవీ నియమాలను కేంద్రం సవరించి, పిల్లల కార్యక్రమాల్లో అన్ని వ్యాపార ప్రకటనలూ ఆపాలి. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎంత దాటితే ఎక్కువో అంకెల్లో చెప్పి, ఆ హద్దు దాటిన తిండికి పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఏ చానెల్లోనూ ప్రకటన లేకుండా చేయాలి. బడికి 50 మీటర్ల లోపు అలాంటి తిండి అమ్మకూడదు, ప్రకటన పెట్టకూడదు అన్న నియమం 2020 నుంచే ఉంది. దాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు అమలు చేయాలి. కంపెనీ పేరుతో బడిలో జరిగే బొమ్మల పోటీలను, ఫ్రీ శాంపిళ్ళను హెడ్‌మాస్టర్లు గేటు దగ్గరే ఆపాలి. మీ ఎంపీ ఊరికి వచ్చినప్పుడు ఈ కాగితం చేతిలో పెట్టి, పార్లమెంటులో అడుగుతారా లేదా అని నలుగురి ముందు అడగండి.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఫిర్యాదు నేరుగా జిల్లా కలెక్టరుకు ఇవ్వొచ్చు. నేరం రుజువైతే కంపెనీకి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడుతుంది. ప్రకటనలో నటించినవారిని కూడా ఏడాది పాటు ప్రకటనలకు దూరంగా ఉంచొచ్చు. ప్రకటన రాగానే ఫోన్లో వీడియో తీయండి. చానెల్ పేరు, తేదీ, సమయం, సరుకు పేరు, పిల్లలతో ఏమన్నారో రాయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. అయితే పదిమంది తల్లులు కలిసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల వేళకు వెళితే ఆ బరువు వేరు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.