ఆసుపత్రి సేవకు పోవు మన యువజనులు

రాబోవు వేసవి సెలవులలో మన సంఘము పక్షమున ఆసుపత్రికి పోయి తెలుగు రోగులకు సాయపడుదుమని కళాశాల విద్యార్థులు పలువురు పేర్లిచ్చియున్నారు. మిక్కిలి సంతోషింపదగిన సంగతి. బరంపురమునందలి మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962లో ఏర్పడినది. దాని ఆసుపత్రి గంజాము, గజపతి జిల్లాల వారికే కాక సరిహద్దున కావలనున్న ఇచ్ఛాపురము, సోంపేట ప్రాంతములవారికిని పెద్ద దిక్కు. అట్లు వచ్చువారిలో ఒడియా అక్షరము తెలియనివారు చాలమంది. చీటీ ఎచ్చట వ్రాయించుకొనవలెనో, రక్తపరీక్ష ఏ గదిలోనో తెలియక వారు పడు అవస్థ మనమెరుగనిది కాదు. రెండు భాషలును నోటనున్న మన పిల్లలకన్న ఈ పనికి తగినవారెవరు?

అయితే పేరిచ్చినవారిని సెలవులు రాగానే వార్డులకు పంపివేయవలెనని కొందరు పెద్దలు తొందరపడుచున్నారు. అందులకు మేము సమ్మతింపము. టీకాలు పూర్తికానిదే ఒక్కరినైనను రోగుల మంచముల నడుమకు పంపరాదని మా నిశ్చితాభిప్రాయము.

"పిల్లలు సూదులు పట్టుకొనరు గదా, వారికి ప్రమాదమేమి?" అని అడుగుచున్నారు. సూది పట్టిన నర్సుకు అది ఎచ్చటనున్నదో తెలియును. దుప్పటి మడతలోనో, చెత్తబుట్టలోనో పడియున్న సూది మాత్రము తెలియని వాని చేతికే గ్రుచ్చుకొనును. హెపటైటిస్-బి గల రోగి రక్తమంటిన సూది టీకా లేనివానికి గ్రుచ్చుకొన్నచో ఆ వ్యాధి సోకు అవకాశము నూటికి 30 వరకు ఉండవచ్చునని వైద్యులు చెప్పుదురు. హెచ్.ఐ.వి. విషయమున అది వేయికి 3 మాత్రమే. హెచ్.ఐ.వి. పేరు వినగానే వణకు మనవారు, దానికన్న ఎన్నోరెట్లు సులభముగ అంటుకొను దీనిని 'పచ్చకామెర్లే గదా, పసరు పోయించిన తగ్గును' అని తీసిపారవేయుదురు. కామెర్లలో అనేకము వాటంతటవే తగ్గును. కీర్తి మాత్రము పసరునకు దక్కును. హెపటైటిస్-బి కొందరిలో శాశ్వతముగ నిలిచి, ఏండ్ల తరువాత కాలేయమును గట్టిపరచుటయో, పుండుగ మార్చుటయో చేయును.

దీనికి టీకా మూడు మోతాదులు. మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరవ నెలకు మూడవది. మూడవది ముగిసిన నెల, రెండు నెలలకు రక్తపరీక్ష చేయించినచో ఫలించినదో లేదో తేలును. ఈ టీకాను మన దేశమున తొలుత తయారుచేసి 1997లో అమ్మకమునకు తెచ్చినది వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్స్. విదేశపు సరుకు కన్న ఎంతో చౌకగ లభించుటతో అది సామాన్యులకు అందినది. మనవారు చేసిన మందును మన పిల్లలకే వేయింపకపోవుట విడ్డూరము కాదా?

ఇంక రెండవ వైపు. మన పిల్లవానికి రోగము రాకుండుటయొక్కటే కాదు, వానివలన రోగికి రాకుండవలెను. తట్టు సోకినవాడు ఒంటిమీద దద్దురు కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే ఇతరులకు అంటించును. ఆటలమ్మయు దాదాపు అట్టిదే. పొక్కులు లేచుటకు ఒకటి రెండు దినములు ముందు. కొంచెము జ్వరమే గదా అని మన విద్యార్థి పసిబిడ్డల వార్డునకు పోయినచో ఏమగును? నిండు చూలాలి ప్రక్కన, పుండు వ్యాధికి మందు పుచ్చుకొనుచున్నవాని ప్రక్కన నిలిచినచో ఏమగును? సేవకు పోయి చేటు తెచ్చినట్లగును. కావున తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూటికిని కలిపిన టీకా రెండు మోతాదులు, ఆటలమ్మ రానివారికి ఆ టీకా రెండు మోతాదులు అవసరము. గర్భవతులకు ఇవి వేయరాదు. వేయించుకొన్న స్త్రీ నెలదినములు గర్భము ధరింపకుండుట మంచిది. కొత్తగా పెండ్లియైన ఆడపిల్లల తల్లులు ఈ మాట మరువరాదు. ధనుర్వాతము, కంఠసర్పి కలిసిన సూది వేసి పదేండ్లు దాటినచో మరల వేయింపవలెను.

"చిన్ననాడే అన్నియు వేయించితిమి" అందురు. వేయించిన కాగితమేది? ఇచ్చటనే మన కుటుంబములకొక ప్రత్యేకమైన చిక్కు గలదు. మన ఆడపడుచులు పురిటికి శ్రీకాకుళమో విజయనగరమో పుట్టింటికి పోవుదురు. మొదటి సూదులు అచ్చట, తెలుగు కార్డు మీద. తక్కినవి ఇచ్చట, ఒడియా కార్డు మీద. ఒకటి అమ్మమ్మగారి పెట్టెలోనుండును, మరియొకటి ఇల్లు మారినప్పుడు పోవును. పైగా పసిబిడ్డలకు హెపటైటిస్-బి టీకా ప్రభుత్వ పథకములో 2002లో కొన్ని చోట్ల మొదలై దేశమంతట వ్యాపించుటకు సుమారు పదేండ్లు పట్టినది. 2017లో ఆరంభమైన తట్టు, రుబెల్లా టీకా ఉద్యమము 15 ఏండ్లలోపు వారికి మాత్రమే. కాగితము లేనిచో వేయించుకొననట్లే లెక్క. తట్టుకు గాని హెపటైటిస్-బికి గాని మరల వేయించుకొన్నను హాని లేదు. వ్యాపారులము గనుక, చిట్టాలో లేని జమను మేము జమగ నెంచము.

సూదియన్న భయపడు తాతగారల మోచేతి మీద మశూచి టీకా మచ్చ నేటికిని కనబడును. ఆ మచ్చల ఫలమే 1980 నుండి లోకమున మశూచి లేకుండుట.

ఆరు నెలలనిన ఈ వేసవి తప్పిపోవునే యని విచారింపనక్కరలేదు. తట్టు, ఆటలమ్మ సూదులు ఒకటి రెండు నెలలలో ముగియును. అవి ముగిసినవారు ఆసుపత్రి ద్వారము కడ నిలిచి దారి చూపవచ్చును, చీటీలు వ్రాసిపెట్టవచ్చును. వార్డు, ప్రసవశాల, రక్తపరీక్ష గది మాత్రము హెపటైటిస్-బి మూడవ సూది తరువాతనే. క్షయకు పెద్దవారిని చక్కగ కాపాడు టీకా లేదు. అచ్చట ముఖమునకు గట్టి మాస్కే శరణ్యము.

వ్యయము మాట. ఆసుపత్రి సిబ్బందికి ప్రభుత్వమిచ్చు సదుపాయము స్వచ్ఛంద సేవకులకును దొరకునని నమ్ముకొనరాదు. పేద నేతగాని కుమారుడు సేవ చేయగోరి సూదులకు తన చేతి సొమ్మే పెట్టుకొనవలెననుట న్యాయము కాదు. ఉగాది సంబరములకు వసూలగు చందాలోనుండి ఇందుకు కొంత ప్రత్యేకింపవలెనని రాబోవు కార్యవర్గ సమావేశమున ప్రతిపాదింపనున్నాము. విందులో ఒక మిఠాయి తగ్గినను ఎవరును నొచ్చుకొనరు. పేర్లిచ్చినవారు పాత కార్డులు వెదకి, దొరికినవాని నకళ్ళతో ఆదివారము సంఘ కార్యాలయమునకు రావలసినదిగ కోరుచున్నాము. అమ్మమ్మగారి ఊరికి ఒక ఉత్తరము వ్రాయుటయు మంచిదే.